కొండ మీద మాత్రమే

స్కీ లిఫ్టు దగ్గర లైనులో సిగ్నె మూడోసారి పక్కకు జరిగి, వెనకున్న వాళ్లకు దారిచ్చింది.

"ఏమైందే నీకు? మంచు అంతా కరిగిపోయాక ఎక్కుదామనా?" అంది మారెన్.

మంచు నిజంగానే కరిగిపోతోంది. ఏప్రిల్ ఆఖరి ఆదివారం. పొద్దున గట్టిగా ఉన్న వాలు మధ్యాహ్నానికి నానబెట్టిన అటుకుల్లా తయారైంది. జనం కోట్లు విప్పేసి చొక్కాలతో స్కీ చేస్తున్నారు. ఒకాయన పెళ్లి సూటు వేసుకుని, నెత్తిన ఎద్దు కొమ్ములు పెట్టుకుని మరీ జారుతున్నాడు. ఈ సాయంత్రం లిఫ్టులు ఆగాయంటే మళ్లీ నవంబరులోనే తిరిగేది.

సిగ్నె తిప్పలన్నీ అందుకే. వెనక నలుగురి అవతల ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఇదేమో ఇద్దరిద్దరుగా ఎక్కే లిఫ్టు. పైన కదిలే తీగ, దానికి వేలాడే అడ్డకర్ర. చెరోవైపు ఒకరు నిలబడి నడుము ఆనిస్తే అది వాలు మీదికి లాక్కుపోతుంది. జంట లేనివాళ్లు పక్కన ఎవరొస్తే వాళ్లతో ఎక్కాల్సిందే.

"ఓహో, ఆ టోపీ కోసమా!" అంది హిల్డె సాసేజీ నములుతూ. హిల్డె నోరు ఖాళీగా ఉండగా చూసినవాళ్లు లేరు. "మన సిగ్నేనా ఇది? బస్సులో పక్క సీట్లో మనిషి ఉంటే కూర్చోకుండా నిలబడి వెళ్లే మహాతల్లి!"

"ఓస్లోలో అందరమూ అంతేగా. కొండ మీద వేరు."

అదీ నిజమే. ఊళ్లో పలకరిస్తే, ఈ మనిషికేమైనా పిచ్చా అన్నట్టు చూస్తారు. కొండెక్కితే చాలు, ఎదురొచ్చిన ప్రతివాళ్లనీ "హే హే" అని పలకరిస్తారు. నారింజ తొనలు పంచుకుంటారు, మోకాళ్ల నొప్పులు చెప్పుకుంటారు. దిగాక మళ్లీ ఎవరి నోరు వాళ్లు కట్టేసుకుంటారు. ఆ మనిషితో మాట్లాడాలంటే ఇవాళే, ఇక్కడే. ఇది తప్పితే తనకు జన్మలో ధైర్యం రాదని సిగ్నెకు తెలుసు.

"మీరిద్దరూ ముందు ఎక్కండి," అని స్నేహితురాళ్లను తోసింది.

"సరే తల్లీ, నీ ఇష్టం. పరువు తియ్యకుండా నిలబడి వెళ్లు, చాలు," అంది మారెన్.

లైను కదిలింది. ఆకుపచ్చ టోపీ వచ్చి సరిగ్గా ఆమె పక్కనే నిలబడ్డాడు.

"హే హే," అంది సిగ్నె.

అతను ఆమె మొహం చూసి కాస్త తడబడ్డాడు. "హే హే," అన్నాడు.

కర్ర వచ్చింది. అతనికి మోకాళ్ల వెనక తగిలింది, ఆమెకు వీపు మధ్యలో. సర్దుకోవడానికి అతను సగానికి వంగిపోయాడు.

"మీకోసం నా కాళ్లు కోయించుకోవాలేమో," అన్నాడు.

"అంత శ్రమ వద్దులెండి. నేనే వచ్చే ఏడాదికి కాస్త పెరుగుతాను."

సగం దూరం పోయాక ఆమె స్కీ మెత్తటి మంచులో దిగబడింది. పట్టుకోబోయి అతనూ పడ్డాడు. ఖాళీ కర్ర ఊగుకుంటూ పైకి వెళ్లిపోయింది. వెనక వస్తున్న ముసలాయన, "లేవండి పిల్లలూ, దారికడ్డం! సరసాలు తర్వాత!" అని కేకేశాడు.

సిగ్నె పగలబడి నవ్వింది.

"మీ నవ్వు ఇంత పెద్దగా ఉంటుందనుకోలేదు," అన్నాడతను, మెడలో దూరిన మంచు దులుపుకుంటూ.

వాలు పక్కన ఎండలో మంచు తవ్వి కుర్చీలా చేసుకుని కూర్చున్నారు. ఆమె నారింజపండు తీసింది. అతను చాక్లెట్ విరిచి పెద్ద ముక్క ఆమెకిచ్చాడు. పేరు ఐవిన్ అని చెప్పాడు.

"నేను మాట్లాడడం తక్కువ," అన్నాడు. ఆ తర్వాత ఆపకుండా మాట్లాడాడు. "ఆదివారాలు వాఫిల్స్ వేస్తాను. ఒక్కణ్ణే తినలేక చస్తాను."

"పాపం," అంది సిగ్నె. ఆమెకు నోరూరింది.

ముక్కులు ఎర్రగా కాలిపోయేదాకా కూర్చున్నారు. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తులేదు. ఇంతలో లిఫ్టు ఆగిపోయింది. కింద జనం చప్పట్లు కొట్టారు.

ఐవిన్ లేచి టోపీ సర్దుకున్నాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు. "అయితే... మళ్లీ మంచు పడ్డాక," అన్నాడు.

"ఊఁ, మంచు పడ్డాక," అంది సిగ్నె. ఏడుపొచ్చినంత పనైంది.

కారు దగ్గర మారెన్ పట్టుకుంది. "ఫోన్ నంబరు తీసుకున్నావా?"

"లేదు."

"ఎక్కడుంటాడు?"

"అడగలేదు."

"ఓస్లోనేనా?"

"ఓస్లోనే."

"ఇంకేం, అన్ని లక్షల మందిలో వెతుక్కో, మొద్దు మొహమా!" మారెన్ నెత్తి కొట్టుకుంది. హిల్డె తినడం ఆపేసింది, అంత బాధపడింది పాపం.

దారంతా సిగ్నె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. కొండ దిగుతున్నకొద్దీ రోడ్డు పక్కన మంచు పలచబడింది. కొండ మీది ధైర్యం కూడా తగ్గిపోతున్నట్టే ఉంది.

సోమవారం ఉదయం ఆఫీసుకు తయారై, నాలుగేళ్లుగా రోజూ చేస్తున్నట్టే సిగ్నె తన తలుపుకు చెవి ఆనించి నిలబడింది, ఎదురు ఫ్లాటులోంచి ఐవిన్ బయటికొచ్చి తాళం వేస్తున్న చప్పుడు వింది, ఈసారి మాత్రం అతను మెట్లు దిగిపోయేదాకా ఆగకుండా తలుపు తీసేసింది.