మొదటి వంతు

“కొట్టెయ్ నవోమీ, ఆ రూలు కొట్టెయ్!”

సత్తిరాజు గ్లాసును బల్ల మీద ఠపీమని పెట్టేసరికి పాల టీ చింది రూల్సు పుస్తకం మీద పడింది. పజుండౌంగ్ పేట టీకొట్లో పొట్టి స్టూళ్ళ మీద కూర్చున్న మిగతా ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. నవోమి పుస్తకాన్ని లుంగీకి తుడుచుకుని, “ఏ రూలు, సత్తిరాజన్నా?” అంది.

“తెల్దా నీకు? డ్రాఫ్టులో మొదటి వంతు వయసులో పెద్దోడిది. ఆ రూలు!”

ఆ నలుగురూ, ఇంకా రాని పెద్దాయన కనకరాజూ కలిసి ఆడేది కాగితం మీది బేస్‌బాల్ లీగు. అసలు ఆట భూమికి అవతలి పక్క జరుగుతుంది. వీళ్ళు అక్కడి ఆటగాళ్ళను వంతులవారీగా ఏరుకుని, ఎవరి టీము వాళ్ళు రాసుకుంటారు. ఆ ఏరుకోవడమే డ్రాఫ్టు. ఒకరు రాసుకున్నవాణ్ణి ఇంకొకరు ముట్టుకోకూడదు. తమ ఆటగాళ్ళు మైదానంలో ఎంత బాగా ఆడితే ఇక్కడ టీముకు అన్ని పాయింట్లు. ఫుట్‌బాల్ అయితే ఊరంతా పందాలు కాస్తుందని, ఈ ఆట మీద ఎవడూ పందెం కాయడని నవోమి వాళ్ళ పాస్టరు కూడా ఊరుకున్నాడు.

ఏటా ఒక షరతు పెట్టుకుంటారు. నిరుడు ముప్ఫయ్యయిదేళ్ళు దాటినవాళ్ళనే తీసుకోవాలన్నారు. ఈ ఏటి షరతు సత్తిరాజు పెట్టించింది: అందరూ ఎడమచేతివాళ్ళే ఉండాలి. అతనూ ఎడమచేతి మనిషే. కుడిచేతివాళ్ళకని చేసిన కత్తెరతో ఇరవయ్యేళ్ళుగా గుడ్డ కత్తిరిస్తున్న దర్జీ. అతని కళ్ళు ఒక పొడుగాటి ఎడమచేతి పిచ్చర్ మీదే ఉన్నాయి. వాడు బంతి విసిరితే ఎదుటివాడి బ్యాటు గాలిని కొట్టాల్సిందే. అలాంటివాడు మొదటి వంతు దాటి మిగలడు. మొదటి వంతేమో కనకరాజుది. వయసులో ఆయన తరవాతివాడు సత్తిరాజు, అతనిది రెండోది. ఎనిమిదేళ్ళుగా రెండోదే.

“కనకరాజు మావని రానీ బావా,” అన్నాడు పప్పులకొట్టు వెంకట్రావు. “ఆయన లేకుండా రూలు మారిస్తే ఏం బాగుంటాది?”

“ఆయనొస్తే నీ నోరు పెగుల్తాదేటి? నదికవతల దలా నుంచొచ్చే పడవ దిగి, నింపాదిగా నడిచొచ్చీసరికి తొమ్మిదవుద్ది. ఈలోగా తేల్చీద్దాం.”

“పెద్దాయన గదన్నా,” అన్నాడు రూబెన్. అందరిలోకీ చిన్నవాడు, ఎప్పుడూ ఆఖరి వంతువాడు. “ఇంట్లో తొలి ముద్ద పెద్దోళ్ళకి ఊచా అని తీసి పెట్టమా? ఇదీ అంతే.”

“కుండలో మెతుకులన్నీ ఒకలాటియ్యేరా. పిచ్చర్లు ఒకలాటోళ్ళేటి? నిరుడు నాను మనసుపడ్డోణ్ణి ఆయన రాసీసుకున్నాడు. అంతకుముందేడూ అంతే. ఎనిమిదేళ్ళు మిగిలింది తిన్నాను. ఇంక తిన్ను!”

“అయితే ఎలగంటావు?” అంది నవోమి.

“చీట్లెయ్యి. అయిదు చీట్లు. వయసు లేదు, వరస లేదు. ఎవుడికేది తగిలితే అది. ఇంకోటి కూడా రాయి. ఈ రూలు ఈ ఏటి ఆటలయ్యీదాకా మార్చకూడదు. ఎవుడొచ్చి ఏడ్చినా సరే.”

“ఏడ్చినా అని పుస్తకంలో రాస్తారేటన్నా?”

“రాయమన్నానా!”

నవోమి రాసింది. చేతులెత్తమంది. సత్తిరాజు ఎడమచెయ్యి జెండాకర్రలా లేచింది. చీట్లయితే తనకు పోయేదేమీ లేదని రూబెన్ ఎత్తాడు. నవోమీ ఎత్తింది. వెంకట్రావు రేవు వైపు ఒకసారి చూసి సగం ఎత్తాడు.

“పూర్తిగా ఎత్తు ఎంకట్రావూ. బుజం నొప్పేటి?”

ఖాళీ గ్లాసులో చీట్లు వేసి ఊపారు. వెంకట్రావుకు ఒకటి వచ్చింది. దొంగసొత్తు చేతిలో పడ్డవాడిలా అటూ ఇటూ చూసి, “మరి ఆ పొడుగోణ్ణి నాను రాసుకోనా?” అన్నాడు. నవోమి వాడి పేరు వెంకట్రావు టీములో రాసేసింది. ఆమెకు రెండు, రూబెన్‌కు మూడు. సత్తిరాజు చీటీలో నాలుగు. గ్లాసు అడుగున మిగిలిన అయిదు కనకరాజుది.

“రెండు కాస్తా నాలుగయ్యింది గదన్నా,” రూబెన్ కిసుక్కుమన్నాడు.

“అయితే ఏటి? ఆ రెండు ఒకడు ఏరుకోగా మిగిల్తే వొచ్చింది. ఈ నాలుగు నా సేత్తో నాను తీసుకున్నాను. నా ఎడంసేత్తో!”

పోయిన పిచ్చర్ మాట అతనికి గుర్తే లేనట్టుంది. రొమ్ము విరుచుకుని ఇంకో టీ చెప్పాడు.

అప్పుడే కనకరాజు వచ్చాడు. తెల్లటి జుట్టంతా చెమట. ముగ్గురూ స్టూళ్ళ మీంచి లేచారు. సత్తిరాజు మాత్రం లేవలేదు. ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి.

“కూకో మావా. పెద్దరికం రూలు తీసీసేం. చీట్లేసేం. నీకు అయిదొచ్చింది. మార్చమని అడక్కు, ఎవుడేడ్చినా మార్చకూడదని రాయించేను. నానే రాయించేను.”

నవోమి పుస్తకాన్ని ముందుకు జరిపింది. కనకరాజు దాని వైపు చూడలేదు, కూర్చోనూ లేదు. గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాడు. వెంకట్రావు తల దించుకుని తన గ్లాసులోకి చూస్తున్నాడు.

“ఏటి మావా, కూకోవు? కోపవొస్తే తిట్టు. పడతాను. రూలు మాత్రం మారదు.”

“కోపవేటిరా,” అన్నాడు కనకరాజు. “కళ్ళు ఆనటం లేదు, ఈ ఏటి నుంచి ఆట మానీసేను. ఇంక పెద్దోడివి నువ్వే, మొదటి వంతు నీదేనని సెప్పి పోదారని పడవెక్కి వొచ్చేను.”