కంచె బయట కాఫీ

రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో శాసనసభ ముందు తుపాకీ హక్కుల ర్యాలీ. తుపాకీ ఉన్నవాళ్ళు ఆవరణ చుట్టూ వేసిన కంచె బయటే నిలబడాలి. రైఫిల్‌ని కారులో వదిలిరావడానికి మనసొప్పక నేనూ బయటే ఉండిపోయాను. ముఖానికి నల్లగుడ్డ, ఛాతీ నిండా తూటాల పట్టీలు. పొద్దున అద్దంలో చూసుకుంటే నాకే సెల్యూట్ కొట్టాలనిపించింది.

"మనలో తీవ్రవాదులెవరైనా దూరొచ్చు, ఓ కన్నేసి ఉంచండి" అని మైకులో చెప్పారు. ఆ బాధ్యత నాకే అప్పగించినట్టు, ఓ మూల ఒంటరిగా నిలబడి వచ్చినవాళ్ళందర్నీ గుచ్చిగుచ్చి చూశాను.

వెర్నా అనే పెద్దావిడ, నడుముకి పిస్తోలుతో, కాఫీ తెచ్చిచ్చింది.

"ఆ గుడ్డ కాస్త దించి తాగు నాన్నా."

సభ అయ్యేదాకా నన్ను వదల్లేదు. ఊరు, ఉద్యోగం, మా అమ్మ ఓవెన్‌లో కాల్చే 'ఆపిల్ పై', అన్నీ అడిగింది. నా ఠీవికి ముచ్చటపడిందనుకున్నాను.

వెళ్ళేముందు ఉండబట్టలేక అడిగాను. "ఇంతమందిలో నా దగ్గరే ఎందుకు ఆగారండీ?"

"నిన్ను చూసి సభ నడిపే మావాళ్ళు భయపడ్డారు. మాటల్లో పెట్టమని నన్ను పంపారు."

పడీపడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"పోయినేడు వేరే ఊళ్ళో సభలో, కాల్పులకి ముందు, ఇలాగే ఒకడు ఒంటరిగా నిలబడ్డాడు నాన్నా. వాడితో మేమెవ్వరం మాట్లాడలేదు."