హ్యాండ్‌బ్యాగుకు చీమలు

ఈస్టర్ ఉదయం సంఘం ముందు ఉపవాస సాక్ష్యం చెప్పాల్సింది తనేనని కాంతమణి ధీమా. మూడేళ్లుగా ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల నలభై రోజులూ పగలంతా పస్తుండి, పొద్దుగూకాక ఇంత తిని, చివర్న మైకు ముందు నిలబడింది తనే మరి. ఈసారి పాస్టరు అయ్యగారు దేవకృప పేరు చదివారు. నిన్నగాక మొన్న ఏదో ఆఫీసులో టైపిస్టుగా చేరిన పిల్ల! కాంతమణికి ఒళ్లు మండిపోయింది.

"ఆ అమ్మాయిని చూసి నేర్చుకోవాలండీ! బోయిన్‌పల్లిలో పెదనాన్న కూతురి పెళ్లికి కూడా వెళ్లలేదట, విందు ఉంటుందని" అంది పక్కన కూర్చున్నావిడ.

సంఘమంతా ఇదే పాట. ఆఫీసులో అందరూ క్యారేజీలు విప్పితే దేవకృప లేచి బయటికి పోతుందట. యువజనుల పిక్నిక్కు కూడా మానేసిందట. ఎండలు మండుతున్నా స్వెట్టరు విప్పదు, ఎంత అణకువో! కీర్తన పాడుతూ బెంచీ పట్టుకుని కళ్లు మూసుకుంటుంది, ఎంత భక్తో! ఆ సన్నటి నడుము చూసినప్పుడల్లా కాంతమణి పైట లాగి తన నడుము కప్పుకునేది.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు కాంతమణి కంట పడింది అసలు సంగతి. దేవకృప హ్యాండ్‌బ్యాగుకు చీమలు బారులు తీరాయి.

అమ్మ దొంగా! పగలు పస్తని చెప్పి చాటుగా తింటోందన్నమాట. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కాంతమణికి అన్నం సయించింది.

ఈస్టర్ రానే వచ్చింది. తెల్లవారుజాము ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఫలహారాలు. వడ్డన కాంతమణిదే. దేవకృప ప్లేటులో రెండు ఇడ్లీలు, ఉడికించిన గుడ్డు, కేకు ముక్క పెట్టింది.

"తినమ్మా, ఉపవాసాలు అయిపోయాయిగా" అంది నవ్వుతూ.

మళ్లీ వచ్చేసరికి ప్లేటు ఖాళీ. అబ్బో, ఏం ఆకలి!

సాక్ష్యానికి పిలిచారు. దేవకృప లేచింది. కాంతమణి అడ్డం వచ్చింది.

"ముందు ఆ బ్యాగులో ఏముందో చెప్పమనండి అయ్యగారూ!"

"వద్దు ఆంటీ, ప్లీజ్..." దేవకృప బ్యాగును పొట్టకు హత్తుకుంది. ఆ చేతుల్లో బలమెక్కడిది? కాంతమణి ఒక్క గుంజు గుంజి బల్ల మీద బోర్లించింది. రుమాళ్లలో చుట్టిన మూటలు నాలుగైదు పడ్డాయి.

"చూశారా! నలభై రోజులూ దీని భక్తి ఇదీ!"

దేవకృప తల్లి లీలాకుమారి ముందుకొచ్చి మూటలు ఒక్కొక్కటే విప్పింది. ఒక మూటలో రెండు ఇడ్లీలు, గుడ్డు, కేకు ముక్క. మిగతా వాటిలో ఎండిన రొట్టెలు. ఆమె వాటిని చేతిలోకి తీసుకుని కూతురి వైపు తిరిగింది.

"గివి నిన్న పొద్దుమీకి ఉపాసం ఇడువమని నేను పెట్టినయి, గివి మొన్నటియి... అన్నీ ఈడనే ఉంటే, నువ్వు తిన్నదెప్పుడు బిడ్డా?"