మోసం కాదండీ

"డోనట్ తీసుకుని పారిపోతున్నాడు, పట్టుకో!" అన్నాడు కార్విన్.

డెల్ఫీన్ కదల్లేదు. పొద్దుటినుంచి అలా పారిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

కాలేజీ క్యాంటీన్ తలుపు పక్కన వాళ్ల బల్ల. దాని మీద నీలం గుడ్డ, డోనట్ల పెట్టె, "హానర్ సొసైటీలో చేరండి" అని రాసిన అట్ట.

మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు సొసైటీ ఆహ్వానాలు పంపుతుంది. అవి చాలామటుకు చెత్తబుట్టలోకే పోతాయి. "మీరు ఎంపికయ్యారు" అన్న మాటను కెంటకీ కొండల్లో ఎవరూ నమ్మరు. ఆ మాటతో మొదలైన ఉత్తరాల చేతిలో మోసపోని ఇల్లు అక్కడ లేదు.

ఈసారి పదిమంది చేరకపోతే ఈ కాలేజీ శాఖను మూసేస్తామని పైనుంచి కబురు వచ్చింది. సాయంత్రమే కొత్తవాళ్లు కొవ్వొత్తి పట్టుకుని చేసే ప్రమాణం. తొమ్మిదిమంది దొరికారు.

డెల్ఫీన్ శాఖ అధ్యక్షురాలు. తన చేతుల మీదుగా అది మూతబడుతుందేమోనన్న దిగులుతో ఆమెకు ఏమీ తినబుద్ధి కాలేదు.

"అలా మొహం మాడ్చుకుని కూర్చుంటే పదోవాళ్లు ఎలా వస్తారే? కాస్త నవ్వు," అన్నాడు కార్విన్.

"నవ్వితే డోనట్ దొంగలు వస్తున్నారు."

అంతలో ఒక అమ్మాయి ఆహ్వానం పట్టుకుని వచ్చింది. కార్విన్ ఆత్రంగా పెన్ను అందించాడు. సంతకం పెట్టడానికి ఆమె వంగింది.

"ఏమ్మా, ఇది మోసమే కదా?"

వెనక ఒక నడివయసు స్త్రీ. ఆకుపచ్చ రెయిన్‌కోటు, పిడికిట్లో కారు తాళం.

అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. "నేను మళ్లీ వస్తాలే," అని వెళ్లిపోయింది.

డెల్ఫీన్ పళ్లు బిగించింది. "మోసం కాదండీ. నిజమైనదే."

"అందరికీ పంపిస్తారు కదా? ఏ కంప్యూటరో పంపేస్తుంది కదా?"

"లేదండీ. క్లాసులో అందరికన్నా ముందున్నవాళ్లకే."

"పొరపాటు జరగదా? ఒకరికి వెళ్లాల్సింది ఇంకొకరికి?"

"జరగదు. టీచర్లు పేరుపేరునా చూసే పంపుతారు."

"ఈవిడ పోలీసుల్లో ఉండాల్సింది," అని గొణిగాడు కార్విన్.

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "అంటే, అది వచ్చిందంటే నిజంగానే అంత బాగా చదివినట్టా?"

"అవునండీ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"వచ్చినా చేరకపోతే?"

"అది వాళ్ల ఖర్మ. దాని విలువ తెలియనివాళ్లు మాకక్కర్లేదు."

ఆమె బల్ల అంచు వదిలేసింది.

"మీరు ఇక్కడ చదువుతున్నారా?" అడిగింది డెల్ఫీన్.

"లేదు తల్లీ."

"మరైతే కాస్త తప్పుకోండి. మీ ప్రశ్నలు విని వచ్చినవాళ్లు కూడా పోతున్నారు."

"నీ పని పాడుచేశాను. ఏమీ అనుకోకు," అంది ఆమె. నెమ్మదిగా తలుపు తోసుకుని బయటికి వెళ్లింది.

"ఆవిడని చూడవే," అన్నాడు కార్విన్ తలుపు అద్దంలోంచి చూస్తూ. "వర్షంలో కారు పక్కన నిలబడిపోయింది. తలుపు తియ్యడమే లేదు."

డెల్ఫీన్ చూడలేదు. డోనట్ల పెట్టె మూసింది.

ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఇంకెవరూ రాలేదు.

సాయంత్రం ప్రమాణానికి కావలసిన కొవ్వొత్తులు తీసుకుని మిస్ రాట్లిఫ్ వచ్చింది. ఆమె లెక్కల టీచరు. శాఖ వ్యవహారాలు చూసేదీ ఆమే.

"తొమ్మిదిమందే, మేడమ్. అయిపోయింది," అంది డెల్ఫీన్.

"తొమ్మిదేంటి? పది. ఆవిడ రాలేదా?"

"ఎవరు?"

"వెండల్ వాళ్లమ్మ." మిస్ రాట్లిఫ్ కొవ్వొత్తులు బల్ల మీద పెట్టింది. "వెండల్ నా క్లాసులో ఉండేవాడు. మార్చిలో లారీ గుద్ది పోయాడు. అంతకుముందే వాడికి మన ఆహ్వానం వెళ్లింది. ఇంట్లోవాళ్లు ఒప్పుకుని వాడి బదులు కొవ్వొత్తి పట్టుకుంటే, పోయినవాణ్ణి కూడా చేర్చుకోవచ్చు."

"మాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడే చెప్పొద్దంది. తనెవరో తెలిస్తే పిల్లలు జాలిపడి ఏదో ఒకటి అంటారు, ముక్కూమొహం తెలియనిదానిలా అడిగితేనే నిజం చెప్తారు అంది."

కార్విన్ మొహంలో నవ్వు పోయింది. "ఆకుపచ్చ రెయిన్‌కోటా మేడమ్?"

"వచ్చిందన్నమాట! ఏమంది?"

"తప్పుకోమన్నాను మేడమ్," అంది డెల్ఫీన్.

మిస్ రాట్లిఫ్ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది. అద్దంలోంచి ఆమె పెదవులు కదలడం కాసేపు కనిపించింది. తర్వాత వింటూ నిలబడిపోయింది.

తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"రానంది," అంది. "నీ తప్పేం లేదట. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పావట. నీకు చెప్పమంది."

"మరి ఎందుకు రానంది?" డెల్ఫీన్‌కి అర్థం కాలేదు. "కసురుకున్నాను మేడమ్, నిజమే. కానీ మోసం కాదని చెప్పాను. బాగా చదివినవాళ్లకే వస్తుందని... ఆవిడకి కావలసింది అదే కదా?"

మిస్ రాట్లిఫ్ ఫోన్ బల్ల మీద పెట్టింది.

"ఆహ్వానం వచ్చిన రోజు వాడు పరిగెత్తుకుంటూ వెళ్లి వాళ్లమ్మకి చూపించాడట. 'నీకెవరు పంపుతార్రా ఇలాంటివి, ఇది మోసం, పొయ్యిలో పడెయ్' అందట ఆవిడ. వాడు పడేశాడు."

డెల్ఫీన్ బల్ల మీది నీలం గుడ్డను గుప్పిట్లో పట్టుకుంది.

"నిజంగానే మోసమని ఎవరైనా అంటారేమోనన్న ఆశతో వచ్చిందట."