తెర వెనుక చప్పుడు

"నిన్న మేడ్చల్ల స్కానింగ్ కాడ నిన్ను జూసిందంట పక్కింటి సుక్కమ్మ. ఏం పని నీకు ఆడ?" కోడల్ని నిలదీసింది సాలమ్మ.

యమున చెంగు కింద ఏదో దాచుకుంది. "దోస్తుకు తోడు వోయిన అత్తమ్మా."

దాచింది దానిమ్మపండ్లని సాలమ్మకు తెలుసు. తొక్కలు పెంటకుప్పలో కనబడ్డాయి. వారం నుంచి కోడలు కారం లేని కూర వేరే గిన్నెలో వండుతోంది.

"నెల తప్పితే చెప్పనీకి రోగమేంది? మల్ల ఆడపిల్లయితే నేనే సాదుత గద!"

"గట్లేం లేదు."

"నా కొడుకు రాకేష్‌కైన చెప్పినవా?"

యమున ముఖం తిప్పుకుంది. "ఆయన పొద్దుగాల్నే చెరువుకు వోయిండు." సంచీ అందుకుని గబగబా ఆటో ఎక్కేసింది.

గుమ్మం పక్కన రాకేష్ చేపల వల ఎండిపోయి వేలాడుతోంది. దాన్ని తోసుకుంటూ సాలమ్మ కూడా బయల్దేరింది.

స్కానింగ్ సెంటర్లో కౌంటర్ దగ్గరి అమ్మాయి అడ్డం వచ్చింది. "అవ్వా, లోపల పేషెంటున్నరు."

"మా కోడలే" అని సాలమ్మ లోపలికి నడిచింది.

తెర అవతల డాక్టరు గొంతు. "జెల్ చల్లగా ఉంటుంది. కదలకండి."

తర్వాత ఆ చప్పుడు. ఉష్... ఉష్... ఉష్...

సాలమ్మ కాళ్ళు ఆగిపోయాయి. మనుమరాలు అశ్రిత కడుపులో ఉన్నప్పుడు ఇదే గదిలో విన్నది. గుండె చప్పుడని చెబితే చేతులెత్తి మొక్కింది.

"ఎరుపు, నీలం కనిపిస్తోందా? రక్తం పారడం అదే. పోయినసారి కంటే పెరిగింది. ఇక తీసేయాలి."

"తీస్తె అయిపోతదా సార్?" యమున అడిగింది. "మా అత్తమ్మకు ఎర్క కావద్దు. తట్టుకోదు."

సాలమ్మ ఒళ్ళు మండిపోయింది. "ఏందే తీసేది? పానమున్న పిండాన్ని సంపుతరా? గుండె గట్ల కొట్టుకుంటాంటె ఇనస్తలేదా మీకు?"

లోపల ఆ చప్పుడు ఆగింది.

"ఎవరమ్మా? అది గుండె కాదు. కాలేయంలో గడ్డకు రక్తం పారే చప్పుడు."

ఇన్ని రోజులూ ఈ పిల్లనా తను అనుమానించింది? దానిమ్మ, చప్పటి కూర, అన్నీ ఇందుకేనా?

"యమునా... నా బిడ్డా! గింత కష్టం వెట్టుకొని నాతోని చెప్పనీకేమాయె?"

ఏడుస్తూ తెర లాగింది. యమున గోడకు ఆనుకుని నిలబడి ఉంది, చేతిలో మడిచిన చొక్కాతో.

బల్ల మీద రాకేష్ ఉన్నాడు.