ఛాతీ లోతు నీళ్లలో

ఆకాశం ఉరమగానే నీళ్లలో ఉన్న ఆడవాళ్లంతా తలెత్తి చూశారు.

"అందరు బయటికి రాండ్రి. మెల్లగ, ఉరుకకుండ్రి," అని చెప్పి సిస్టర్ అలేఖ్య మోటారు బందు చేయడానికి లోపలికి వెళ్లింది.

నస్పూర్ కాలనీ ఈతకొలనులో వారానికి మూడు పొద్దులు గర్భిణులకు ఈ క్లాసు. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడాలి. కాళ్లు ఆడించాలి. మనసులోని దిగులు ఒకరికొకరు చెప్పుకోవాలి.

వినోదకు ఇది మూడో కడుపు. మొదటి రెండూ ఆరో నెల దాటలేదు. ఇప్పుడు ఏడో నెల. కంటి మీద కునుకు లేదు. మొగుడు లక్ష్మణ్ దుబాయిలో ఉన్నాడు. ఈ బిడ్డ కూడా దక్కకపోతే తాను బతికి ఏం లాభమని రోజుకు పదిసార్లు అనుకుంటుంది.

పైగా నీళ్లంటే ఆమెకు చచ్చేంత భయం. అయినా నెల రోజులుగా దిగుతున్నదంటే అది కోమల చలవే. మొదటి రోజు నుంచీ పక్కనే నిలబడి చేయి పట్టుకుంటుంది.

"ఊపిరి ఇడువు చెల్లె. ఫికర్ చెయ్యకు, నేనున్నగద."

తన సంగతి అడిగితే మాత్రం మాట మార్చేస్తుంది. అందరికంటే ముందే దిగి ఛాతీ లోతు నీళ్లలో నిలబడుతుంది. అందరూ వెళ్లాక గట్టెక్కుతుంది.

పిడుగుల భయానికి ఈరోజు ఆమె కూడా వెంటనే ఎక్కాల్సి వచ్చింది.

తడిసిన నైటీ ఒంటికి అతుక్కుపోయింది. వినోద చూసింది. కడుపు లేదు.

"అక్కా, నీకెన్నో నెల?"

కోమల తల దించుకుంది.

వినోద ఒక అడుగు వెనక్కి వేసింది. శ్రీమంతం అయ్యేదాకా పిల్లల్లేనివాళ్ల చేయి తగలనీయొద్దని అత్త చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. తానేమో నెల రోజులు పట్టుకుని వదల్లేదు.

"గొడ్రాలివి, కడుపున్నోళ్ల నడుమ నీకేం పని? నా బిడ్డ మీద కన్నేసినవా?"

మిగతావాళ్లు గబగబా తువ్వాళ్లు కడుపుల మీదికి లాక్కున్నారు.

"పో ఈడికెల్లి," అంది ఒకామె.

కోమల సంచి అందుకుంది. "తడిబట్టలతోని నిలవడకు చెల్లె, సలివెడ్తది," అని వానలోకే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అత్త మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. దిష్టి పోయిందంది. వినోదకు నిద్ర మాత్రం రాలేదు.

మళ్లీ క్లాసుకు వచ్చినప్పుడు మొదటి మెట్టు దాటి దిగలేకపోయింది. పక్కామె చేయి ఇచ్చింది కానీ, ఆమెకూ భయమే. వినోద గట్టు మీద కూలబడింది.

సిస్టర్ బీపీ చూసింది. ముఖం మారిపోయింది.

"నూట డెబ్భై ఉంది. నెల సంది మంచిగనే ఉండె గద. లే, ఆటో పిలుస్త, దవాఖానకు పోవాలె."

వినోద ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

"నా బిడ్డ నాకు దక్కదా సిస్టర్? కోమలక్కను జర పిలువుండ్రి. ఆమె ఉంటె నాకు నిమ్మలమయితది."

"ఫోన్ బందుంది. ఇల్లు ఖాళీ చేసి, ఇచ్చోడ ఊర్లె ఉన్న తల్లిగారింటికి పోయిందట."

"గొడ్రాలని తిట్టిన సిస్టర్."

ఆటోకు ఫోన్ చేసి సిస్టర్ ఆమె పక్కన కూర్చుంది.

"శివరాత్రి దాటినంక ఆమె గూడ నీ లెక్కనే ఏడు నెలల కడుపుతోని గీ నీళ్లల్లనే నిలవడ్డది," అంది. "తర్వాత రాలే. పోయిన నెల ఈ క్లాసు పాసు వాపసు ఇయ్యనీకి వచ్చింది. గా పొద్దే నువ్వు గట్టు మీద కూసోని, 'నాతోని కాదు, సచ్చిపోత' అని ఏడుస్తున్నవు. బిడ్డను మట్టిల పెట్టి రెండు నెలలే అయిన ఆ తల్లి, నా చేతికియ్యబోయిన పాసు మళ్ల సంచిల వేసుకోని, కట్టుకున్న చీరతోనే దిగి నీ చెయ్యి పట్టుకుంది."