పీపా నీళ్ళు

1983, మిరపకోతల రోజులు. సర్పంచి వెంకటనారాయణ బండి మీద నీళ్ళ పీపా వేయించుకుని పొద్దున్నే ఊరి చివర పల్లెలోకి దిగాడు. ఓట్లప్పుడు తప్ప ఆయన ఈ వీధి తొక్కింది లేదు.

“జెనీవా నుంచి దొర వస్తన్నాడు. పిల్లల మొహాలు తళతళలాడాల. కానీండి, కానీండి.”

ట్రకోమా అని ఒక కంటిజబ్బు. మురికి మొహాల మీద వాలిన ఈగలే దాన్ని పిల్లలందరికీ అంటిస్తాయి. ముదిరితే రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి, గుచ్చీ గుచ్చీ చూపు తీసేస్తాయి. దాని పని పట్టాలని జెనీవాలో దేశాలన్నీ కలిశాయి. ప్రత్తిపాడు పక్కనున్న ఈ ఊరూ పల్లే మాత్రం ఒక్క బావి దగ్గర కలవలేదు. పల్లె ఆడవాళ్ళు గట్టు కింద నిలబడితే, ఎవరో దయతలచి పోసిన బిందెడు నీళ్ళే ఆ పూటకి.

రెబ్కా తల్లి ఎలీసమ్మకి రెండు కళ్ళూ అలాగే పోయాయి. ఇప్పుడు రెబ్కా చంకలో బిడ్డ కళ్ళు పుసులు కడుతున్నాయి. పీపా చూడగానే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

“రేపెవరు తెస్తారండీ నీళ్ళు?”

“రేపటి సంగతి రేపు.”

“పల్లెలో ఏస్తానన్న బోరు మీ గొడ్లసావిడి ముందర పడిందేం?”

“ఏందే, నోరు లేస్తంది?”

రెబ్కా బిడ్డని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టింది. వెళ్ళి పీపా బిరడా పీకి పారేసింది. నీళ్ళన్నీ దుమ్ములో ఇంకిపోయాయి.

“ఈ మొహాలు ఇట్టాగే చూడాల దొర. అప్పుడన్నా బోరు వచ్చిద్ది” అంది తల్లులతో. ఒక్కరూ కాదనలేదు.

“నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకుంటన్నావే రెబ్కా” సర్పంచి పళ్ళు నూరాడు.

“కొట్టుకోనీండి. పిల్లల కళ్ళల్లో పడకపోతే చాలు.”

ఇంతలో జీపు వచ్చి ఆగింది. దొర ఒక్కొక్క బిడ్డ రెప్పా తిరగేసి చూశాడు. చూస్తున్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది. ఇంగ్లీషులో ఏదో గట్టిగా అడిగాడు.

ఆయన వెంట వచ్చిన గుంటూరు డాక్టరు దాన్నే తెలుగులో అడిగాడు.

“ఇల్లిల్లూ తిరిగి పిల్లల మొహాలు కడిగించమని ఈ పల్లెకి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాం గదా. ఆవిడేం చేస్తోంది?”

సర్పంచి నోరు తెరిచేలోపే రెబ్కా ముందుకొచ్చింది.

“ఆ మనిషిని నేనే. ఇందాకే నీళ్ళన్నీ పారబోశానండి.”